స్టార్టప్‌లో ఆగిపోయే ప్రోగ్రాంలు: స్టార్టప్ ఫోల్డరా, టాస్క్ షెడ్యూలరా, సర్వీసా?

లాగిన్ అవగానే దానంతటదే తెరుచుకోవాల్సిన ప్రోగ్రాం తెరుచుకోదు. డబుల్ క్లిక్ చేస్తే మాత్రం అనుమతి అడుగుతుంది, 'యస్' నొక్కితే చక్కగా నడుస్తుంది. 2007లో విండోస్ విస్టా వచ్చినప్పుడు ఇలాంటివాటిని ఆపినట్టు గడియారం పక్కన ఒక బుడగలో చెప్పేది: కొన్ని స్టార్టప్ ప్రోగ్రాంలను విండోస్ బ్లాక్ చేసింది అని. విండోస్ 10, 11లో చాలాసార్లు ఆ మాట కూడా ఉండదు. ప్రోగ్రాం కనిపించదు, అంతే. దాంతో ప్రోగ్రాం పాడైందనుకుని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. ఫలితం ఉండదు, ఎందుకంటే పాడైంది ఏమీ లేదు.

జరిగేది ఇది. మీ అకౌంట్ అడ్మినిస్ట్రేటర్‌దే అయినా, లాగిన్ అయినప్పుడు విండోస్ మీకు మామూలు యూజర్ హక్కులే ఇస్తుంది. పూర్తి హక్కులు కావాల్సిన ప్రతిసారీ యూఏసీ (యూజర్ అకౌంట్ కంట్రోల్) అనే కాపలా మిమ్మల్ని అడుగుతుంది. స్టార్టప్ జాబితాలోకి ఏ ప్రోగ్రామైనా తన పేరు తానే రాసుకోగలదు, వైరస్‌తో సహా. అలా రాసుకున్న ప్రతిదానికీ అడక్కుండా అడ్మిన్ హక్కులు ఇస్తే కాపలా ఉన్నా లేనట్టే. కాబట్టి ఈ అడ్డును పగలగొట్టే దారి వెతక్కండి. 'ఈ ఒక్క ప్రోగ్రాంకు నేను ముందే అనుమతి ఇచ్చాను' అని విండోస్‌కు సరైన చోట చెప్పే పద్ధతి ఎంచుకోండి. ఆ పద్ధతులు నాలుగున్నాయి. నాలుగూ అందరికీ సరిపోవు.

## ముందు, ఆపుతున్నది ఎవరు?

యూఏసీ కాకుండా ఇంకెవరో ఆపుతుంటే కింద చెప్పేవేవీ పనిచేయవు. అందుకే ముందు ఈ నాలుగూ చూడండి.

టాస్క్ మేనేజర్. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి స్టార్టప్ పేజీ తెరవండి. ప్రోగ్రాం పేరు పక్కన 'డిసేబుల్డ్' అని ఉంటే రైట్ క్లిక్ చేసి 'ఎనేబుల్' అనండి. కంప్యూటర్ 'స్పీడ్ పెంచే' క్లీనర్లు ఈ పని మీకు చెప్పకుండా చేసి పెడుతుంటాయి.

ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైలు. డౌన్‌లోడ్ చేసిన ఫైలుకు విండోస్ ఒక గుర్తు తగిలిస్తుంది. ఆ గుర్తు పోయేదాకా తెరిచిన ప్రతిసారీ హెచ్చరిక రావచ్చు. ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, జనరల్ పేజీలో అడుగున 'అన్‌బ్లాక్' గడి ఉంటే టిక్ పెట్టి ఓకే నొక్కండి. జిప్ ఫైలైతే విప్పకముందే ఈ పని చేయాలి. లేకపోతే లోపలున్న ఫైళ్లన్నిటికీ ఆ గుర్తు అంటుకుంటుంది.

విండోస్ సెక్యూరిటీ. 'ప్రొటెక్షన్ హిస్టరీ'లో మీ ప్రోగ్రాం పేరు కనిపిస్తే అది యాంటీవైరస్ నిర్ణయం. విండోస్ 11లో 'స్మార్ట్ యాప్ కంట్రోల్' ఆన్‌లో ఉంటే, అది ఆపిన ప్రోగ్రాం ఒక్కదానికీ విడిగా మినహాయింపు ఇచ్చే వీలు లేదు.

ఆఫీసు వాళ్ల నిబంధన. 'మీ అడ్మినిస్ట్రేటర్ ఈ యాప్‌ను బ్లాక్ చేశారు' అని వస్తే అది ఐటీ విభాగంతో మాట్లాడి తేల్చుకోవాల్సిన విషయం. అక్కడ సొంత వైద్యం చేయొద్దు.

ఈ నాలుగూ కాకుండా, ప్రోగ్రాం ఐకాన్ మీద నీలం, పసుపు రంగుల చిన్న డాలు కనిపిస్తే అడ్డు యూఏసీదే.

## ఎంచుకునే ముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు

ఈ ప్రోగ్రాంకు అడ్మిన్ హక్కులు నిజంగా అవసరమా? దాని కిటికీ, లేదా గడియారం పక్కన ఐకాన్, కనబడాలా? ఎవరూ లాగిన్ కాకముందే నడవాలా? దాని ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉంది? చాలామంది వదిలేసేది ఈ ఆఖరి ప్రశ్ననే, కానీ భద్రత అంతా దాని మీదే ఆధారపడింది.

| పద్ధతి | అడ్మిన్ హక్కులు | కిటికీ కనబడుతుందా | లాగిన్‌కు ముందే నడుస్తుందా | ఎవరికి |
|---|---|---|---|---|
| అడ్మిన్ అవసరం తీసేసి స్టార్టప్ ఫోల్డర్‌లో పెట్టడం | ఉండవు | అవును | లేదు | ఎక్కువమందికి |
| టాస్క్ షెడ్యూలర్ (ప్రోగ్రాంలను మనం చెప్పినప్పుడు మొదలుపెట్టే విండోస్ టూల్), లాగిన్ అవగానే మొదలయ్యేలా | ఉంటాయి | అవును | లేదు | అడ్మిన్ హక్కులు తప్పనిసరైన టూల్స్‌కు |
| విండోస్ సర్వీస్ | ఉంటాయి | లేదు | అవును | వెనకాల నిరంతరం నడిచేవాటికి |
| యూఏసీ ఆపేయడం | అన్నిటికీ | అవును | లేదు | ఎవరికీ వద్దు |

## ఒకటి: అడ్మిన్ అవసరాన్నే తీసేయడం

ముందు ఇది ప్రయత్నించండి. హక్కులు అడిగే ప్రోగ్రాంలలో చాలావాటికి ఆ హక్కులతో అసలు పని లేదు. అడగడానికి కారణం వేరే ఉంటుంది.

మొదటి కారణం పాత టిక్. ఎప్పుడో ఏదో సమస్య వచ్చి ఎవరో 'రన్ దిస్ ప్రోగ్రాం యాజ్ యాన్ అడ్మినిస్ట్రేటర్' గడిలో టిక్ పెట్టి మర్చిపోతారు. ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ పేజీకి వెళ్లి తీసేయండి. అక్కడ టిక్ లేకపోయినా ఊరుకోకండి. అడుగున ఉన్న 'చేంజ్ సెట్టింగ్స్ ఫర్ ఆల్ యూజర్స్' బటన్ వెనకాల ఇంకో టిక్ దాగి ఉండొచ్చు.

రెండోది ఫైలు పేరు. పాత 32 బిట్ ప్రోగ్రాం తనకు ఏ హక్కులు కావాలో తనలో రాసుకోకపోతే విండోస్ ఊహిస్తుంది. పేరులో సెటప్, ఇన్‌స్టాల్, అప్‌డేట్ లాంటి ఇంగ్లిష్ మాట ఉంటే ఇదేదో ఇన్‌స్టాలర్ అనుకుని అడ్మిన్ అనుమతి అడుగుతుంది. అలాంటప్పుడు పేరు మార్చగానే డాలు గుర్తు పోవచ్చు.

మూడోది ప్రోగ్రాం ఉన్న చోటు. పాతకాలపు ప్రోగ్రాంలు సెట్టింగ్స్ ఫైలును తమ పక్కనే రాసుకుంటాయి. ప్రోగ్రాం ఫైల్స్ ఫోల్డర్‌లో మామూలు యూజర్‌కు రాసే వీలు లేదు కాబట్టి అడ్మిన్‌గా నడిపితేనే పనిచేస్తాయి. ఇన్‌స్టాల్ అక్కర్లేని పోర్టబుల్ ప్రోగ్రాం అయితే దాని ఫోల్డర్‌ను మొత్తంగా మీ యూజర్ ఫోల్డర్‌లోకి మార్చి చూడండి.

హక్కుల గొడవ తీరాక మిగిలింది తేలిక. విండోస్ కీతో పాటు ఆర్ నొక్కి, వచ్చిన గడిలో ఇంగ్లిష్‌లో షెల్, కోలన్, స్టార్టప్ అని ఖాళీ లేకుండా టైప్ చేయండి. తెరుచుకున్న ఫోల్డర్‌లో ప్రోగ్రాం షార్ట్‌కట్ పెట్టండి. అసలు ఫైలును పెట్టొద్దు, షార్ట్‌కట్టే పెట్టాలి. కంప్యూటర్ వాడే అందరికీ తెరుచుకోవాలంటే కామన్ స్టార్టప్ అనే ఇంకో ఫోల్డర్ ఉంది. షెల్, కోలన్ తర్వాత కామన్, ఒక ఖాళీ, స్టార్టప్ అని కొడితే అదీ వస్తుంది.

విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో రన్ కీ అనే చోటు కూడా ఇదే పని చేస్తుంది. ప్రోగ్రాంల సెట్టింగ్స్‌లో 'స్టార్ట్ విత్ విండోస్' అని టిక్ పెడితే చాలాసార్లు అవి రాసుకునేది అక్కడే. చేత్తో చేసుకునేవాళ్లకు ఫోల్డరే మేలు. ఏముందో కంటికి కనబడుతుంది, వద్దనుకుంటే షార్ట్‌కట్ డిలీట్ చేస్తే సరి. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఫోల్డర్‌లో పెట్టినా రిజిస్ట్రీలో రాసినా అడ్మిన్ హక్కులు అడిగే ప్రోగ్రాంకు యూఏసీ అడ్డు ఒకటే.

## రెండు: టాస్క్ షెడ్యూలర్

అడ్మిన్ హక్కులు నిజంగానే కావాల్సినవి కొన్నుంటాయి. ప్రాసెసర్ ఉష్ణోగ్రత, ఫ్యాన్ వేగం చూపించే టూల్స్, హార్డ్‌వేర్‌ను నేరుగా కదిలించేవి, కీబోర్డు మీటలను మార్చే స్క్రిప్టులు. ఈ చివరి రకానికి కారణం కాస్త చిత్రమైనది. అడ్మిన్‌గా నడుస్తున్న కిటికీలోకి మామూలు హక్కులున్న ప్రోగ్రాం మీటలు పంపలేదు, విండోస్ ఒప్పుకోదు.

మన డీటీపీ సెంటర్లలో ఇది తరచూ ఎదురవుతుంది. కొత్త విండోస్‌లో పాత పేజ్‌మేకర్ మొరాయిస్తోందని దాన్ని 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్'తో తెరుస్తారు. తెలుగు టైపింగ్ టూల్ మాత్రం మామూలుగా నడుస్తుంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెలుగు పడుతుంది, పేజ్‌మేకర్‌లో పడదు. ఫాంట్ తప్పనుకుని ఫాంట్లన్నీ మళ్లీ వేస్తారు. కావాల్సింది రెండిటికీ ఒకే స్థాయి హక్కులు. పేజ్‌మేకర్ మామూలుగా నడిస్తే అదే మంచిది. నడవకపోతే టైపింగ్ టూల్‌ను కూడా అడ్మిన్‌గా, స్టార్టప్‌లోనే తెరిపించాలి. దానికి సరైన చోటు టాస్క్ షెడ్యూలర్.

స్టార్ట్ మెనూలో టాస్క్ షెడ్యూలర్ అని వెతికి తెరవండి. కుడివైపు 'క్రియేట్ బేసిక్ టాస్క్' కాకుండా 'క్రియేట్ టాస్క్' నొక్కండి. బేసిక్‌లో మనకు కావాల్సిన గళ్లు కొన్ని లేవు.

1. జనరల్: ఇంగ్లిష్‌లో ఒక పేరు పెట్టండి. 'రన్ ఓన్లీ వెన్ యూజర్ ఈజ్ లాగ్డ్ ఆన్' ఎంపికను అలాగే ఉంచండి. దాని కిందిది ఎంచుకుంటే ప్రోగ్రాం నడుస్తుంది కానీ కిటికీ కనబడదు. 'రన్ విత్ హైయెస్ట్ ప్రివిలేజెస్'కు టిక్ పెట్టండి. అసలు పని చేసేది ఈ టిక్కే.
2. ట్రిగ్గర్స్ (ఎప్పుడు మొదలవాలో చెప్పేది): 'న్యూ' నొక్కి 'ఎట్ లాగ్ ఆన్' ఎంచుకోండి. 'స్పెసిఫిక్ యూజర్' దగ్గర మీ పేరుండాలి. 'డిలే టాస్క్ ఫర్' దగ్గర 30 సెకన్లు పెట్టండి. డెస్క్‌టాప్ పూర్తిగా రాకముందే ప్రోగ్రాం మొదలైతే గడియారం పక్కన దాని ఐకాన్ రాకపోవచ్చు.
3. యాక్షన్స్: 'స్టార్ట్ ఎ ప్రోగ్రాం'లో బ్రౌజ్ చేసి ప్రోగ్రాం అసలు ఫైలును (పేరు చివర exe ఉండేది) చూపండి. 'స్టార్ట్ ఇన్' గడిలో ఆ ఫైలున్న ఫోల్డర్ చిరునామా ఇవ్వండి, కొటేషన్ గుర్తులు లేకుండా. ఇది ఖాళీగా వదిలేస్తే ప్రోగ్రాం తన సెట్టింగ్స్ కోసం సిస్టం32 ఫోల్డర్‌లో వెతుకుతుంది. దొరకక కొత్తగా ఇన్‌స్టాల్ చేసినట్టు మొదలవుతుంది, లేదా ఏదో ఎర్రర్ చూపించి మూసుకుంటుంది.
4. కండిషన్స్: 'స్టార్ట్ ద టాస్క్ ఓన్లీ ఇఫ్ ద కంప్యూటర్ ఈజ్ ఆన్ ఏసీ పవర్' టిక్ తీసేయండి. ఇది ముందే పెట్టి ఉంటుంది. 'ఇంట్లో పనిచేస్తుంది, బయటికి తీసుకెళ్తే పనిచేయదు' అనే ల్యాప్‌టాప్ ఫిర్యాదుల వెనకాల తరచూ ఉండేది ఈ టిక్కే.
5. సెట్టింగ్స్: 'స్టాప్ ద టాస్క్ ఇఫ్ ఇట్ రన్స్ లాంగర్ దాన్' దగ్గర 3 రోజులని ఉంటుంది. టిక్ తీసేయండి. లేకపోతే కంప్యూటర్ ఆపకుండా వాడేవాళ్లకు మూడు రోజుల తర్వాత ప్రోగ్రాం మాయమవుతుంది.

ఓకే నొక్కాక జాబితాలో ఆ టాస్క్ మీద రైట్ క్లిక్ చేసి 'రన్' అనండి. అనుమతి అడక్కుండా తెరుచుకుంటే తర్వాత కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి చూడండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే సరిపోదు. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న కంప్యూటర్లలో షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ లోపలి భాగం పూర్తిగా మూసుకోకుండా డిస్క్ మీద నిద్రపోతుంది. అంతా నిజంగా కొత్తగా మొదలయ్యేది రీస్టార్ట్‌లోనే. అలాగే స్టార్టప్ ఫోల్డర్‌లో పాత షార్ట్‌కట్ ఉంటే తీసేయండి, ప్రోగ్రాంలో 'స్టార్ట్ విత్ విండోస్' టిక్ కూడా.

నడవకపోతే 'లాస్ట్ రన్ రిజల్ట్' గడి చూడండి. కోడ్ చివర 41301 ఉంటే టాస్క్ ఇప్పుడు నడుస్తోందని, 41303 ఉంటే ఇంకా ఒక్కసారీ నడవలేదని, అంటే ట్రిగ్గర్‌లోనో కండిషన్‌లోనో తేడా ఉందని. ఉత్త 2 ఉంటే ఫైలు దొరకలేదని. చివర 70005 ఉంటే అనుమతి లేదని. 'హిస్టరీ' పేజీ ఖాళీగా ఉంటే కుడివైపు 'ఎనేబుల్ ఆల్ టాస్క్స్ హిస్టరీ' నొక్కి ఇంకోసారి ప్రయత్నించండి.

ఈ పద్ధతికి వెల కూడా ఉంది. అడ్మిన్‌గా తెరుచుకున్న కిటికీలోకి ఫైల్ ఎక్స్‌ప్లోరర్ నుంచి ఫైళ్లను లాగి వదలలేరు. నెట్‌వర్క్ డ్రైవ్‌కు మీరిచ్చిన జెడ్, వై లాంటి అక్షరాలు దానికి కనబడకపోవచ్చు. అప్పుడు సర్వర్ పేరుతో మొదలయ్యే పూర్తి చిరునామా ఇవ్వాలి. ఇంకొకటి, టాస్క్ షెడ్యూలర్ మొదలుపెట్టే ప్రోగ్రాంలకు మామూలుగా ప్రయారిటీ 7, అంటే మనం డబుల్ క్లిక్‌తో తెరిచినదానికంటే ఒక మెట్టు కింద. ఫ్యాన్ కంట్రోల్‌కు దీనివల్ల తేడా తెలియదు. స్క్రీన్ రికార్డర్‌కో టైపింగ్ టూల్‌కో తెలియొచ్చు. టాస్క్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి ప్రయారిటీ దగ్గర 7ను 5 చేసి, పాత టాస్క్ తీసేసి దీన్ని ఇంపోర్ట్ చేస్తే మామూలు స్థాయికి వస్తుంది.

ఇక ఫోల్డర్ సంగతి. అడ్మిన్‌గా నడిచే ఫైలు డౌన్‌లోడ్స్‌లోనో డెస్క్‌టాప్ మీదో ఉందనుకోండి. మామూలు హక్కులతో లోపలికి వచ్చిన ఏ వైరసైనా ఆ ఫైలు తీసి, అదే పేరుతో తన ఫైలు పెట్టగలదు. మరుసటి లాగిన్‌లో మీ టాస్క్ దాన్నే, అడ్మిన్ హక్కులతో, ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా తెరుస్తుంది. సి డ్రైవ్‌లో నేరుగా 'టూల్స్' అని ఫోల్డర్ చేసుకున్నా ఇదే ప్రమాదం, ఎందుకంటే అలాంటి ఫోల్డర్‌లో మామూలుగా ఏ యూజరైనా రాయొచ్చు. ఫైలును ప్రోగ్రాం ఫైల్స్ లోపలికి మార్చి, ఆ తర్వాతే టాస్క్ చేయండి. మొదటి పద్ధతిలో ప్రోగ్రాం ఫైల్స్ నుంచి బయటికి తెమ్మన్నాం, ఇక్కడ లోపలికి పెట్టమంటున్నాం. అడ్మిన్ హక్కులు లేని ప్రోగ్రాం ఎక్కడున్నా పెద్ద చిక్కు లేదు, హక్కులున్నది మాత్రం ఎవరూ తాకలేని చోటే ఉండాలి.

## మూడు: విండోస్ సర్వీస్

ఎవరూ లాగిన్ కాకముందే మొదలై, యూజర్లు మారినా నడుస్తూ ఉండాల్సినవాటికి ఇది. డేటాబేస్ సర్వర్లు, ప్రింట్ స్పూలర్ సర్వీసులే. సేవా కేంద్రాల్లో ఆధార్ వేలిముద్ర స్కానర్‌తో వచ్చే ఆర్‌డీ సర్వీస్ కూడా ఈ కోవలోదే. అది మొదలు కాకపోతే స్టార్టప్ ఫోల్డర్‌లో వెతక్కండి. 'సర్వీసెస్' కిటికీ తెరిచి, దాని 'స్టార్టప్ టైప్' ఆటోమేటిక్‌లో ఉందో లేదో చూడండి. అక్కడే 'రికవరీ' పేజీలో మొదటి వైఫల్యానికి 'రీస్టార్ట్ ద సర్వీస్' పెడితే ఆగిపోయినా మళ్లీ లేస్తుంది.

మామూలు ప్రోగ్రాంను సర్వీసుగా మార్చాలనుకుంటే రెండు ఇబ్బందులు. విస్టా నుంచి సర్వీసులు యూజర్‌కు కనబడని వేరే సెషన్‌లో నడుస్తాయి కాబట్టి వాటి కిటికీ గానీ ఐకాన్ గానీ తెర మీదికి రావు. పైగా సర్వీసుగా రాయని ప్రోగ్రాంను సర్వీసుగా నమోదు చేస్తే, విండోస్ పిలుపుకు అది బదులివ్వదు. 30 సెకన్లు చూసి విండోస్ 1053 ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. ఎన్‌ఎస్‌ఎస్‌ఎం లాంటి తొడుగు ప్రోగ్రాంలు ఆ బదులిచ్చే పని చూసుకుంటాయి. కానీ రాత్రిపూట బ్యాకప్ తీసే చిన్న స్క్రిప్ట్ కోసం ఇంత దూరం వెళ్లక్కర్లేదు. టాస్క్ షెడ్యూలర్‌లోనే 'రన్ వెదర్ యూజర్ ఈజ్ లాగ్డ్ ఆన్ ఆర్ నాట్' ఎంచుకుని, టైం ట్రిగ్గర్ పెడితే చాలు.

## నాలుగు: యూఏసీ ఆపేయడం

స్లైడర్‌ను పూర్తిగా కిందికి లాగితే సమస్య పోతుందని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఒక్క ప్రోగ్రాం కోసం, ఆ కంప్యూటర్‌లో ఇకముందు తెరిచే ప్రతిదానికీ ముందస్తు అనుమతి ఇచ్చినట్టవుతుంది. పెన్ డ్రైవ్‌లు రోజుకు పది చేతులు మారే షాపులో అయితే ఇది మరీ ప్రమాదం. టాస్క్ షెడ్యూలర్‌లో కాసేపు కూర్చుంటే తీరే పనికి ఇంత మూల్యం వద్దు.

## మీ పరిస్థితిని బట్టి

ఇంట్లో ఒక్కరే వాడే ల్యాప్‌టాప్: పాత టిక్, ఫైలు పేరు, ఫోల్డర్ ముందు చూడండి. చాలామందికి పని అక్కడే అయిపోతుంది. కాకపోతే టాస్క్ షెడ్యూలర్. ఏసీ పవర్ టిక్ మర్చిపోకండి.

పిల్లలకు స్టాండర్డ్ అకౌంట్ ఇచ్చిన ఇల్లు: ఆ అకౌంట్ పేరుతో 'హైయెస్ట్ ప్రివిలేజెస్' పెట్టినా అడ్మిన్ హక్కులు రావు, ఆ అకౌంట్‌కు ఉన్నంతే వస్తాయి. మీ అడ్మిన్ అకౌంట్ పేరుతో టాస్క్ పెడితే పిల్లల తెర మీద అది కనబడదు. వాళ్లకు అవసరమైన ప్రోగ్రాంకు అడ్మిన్ అవసరం లేకుండా చేయడమొక్కటే సరైన దారి.

డీటీపీ సెంటర్, నెట్ సెంటర్: టైపింగ్ టూల్‌కూ పేజీ సాఫ్ట్‌వేర్‌కూ ఒకే స్థాయి హక్కులు. ఒక కంప్యూటర్‌లో టాస్క్ సరిగ్గా కుదిరాక ఎక్స్‌పోర్ట్ చేసి మిగతావాటిలో ఇంపోర్ట్ చేయండి. ఇంపోర్ట్ చేసేటప్పుడు జనరల్ పేజీలోనూ ట్రిగ్గర్‌లోనూ యూజర్ పేరు ఆ కంప్యూటర్‌కు తగ్గట్టు మార్చాలి. లేకపోతే టాస్క్ పనిచేయదు.

ఆఫీసు కంప్యూటర్: ఐటీ వాళ్లను అడగండి. అడిగేటప్పుడు ప్రోగ్రాం పేరు, ఫైలున్న చోటు, వచ్చిన సందేశం స్క్రీన్‌షాట్, ఈ మూడూ పంపితే వాళ్లు అనుమతి ఇవ్వడం తేలికవుతుంది.

ఏ ప్రోగ్రాం ఎక్కడి నుంచి మొదలవుతోందో అంతుబట్టకపోతే మైక్రోసాఫ్ట్ వాళ్ల సిస్‌ఇంటర్నల్స్‌లో ఆటోరన్స్ అనే ఉచిత టూల్ ఉంది. ఇన్‌స్టాల్ అక్కర్లేదు. స్టార్టప్ ఫోల్డర్లు, రన్ కీలు, టాస్కులు, సర్వీసులు అన్నీ ఒకే కిటికీలో చూపిస్తుంది. ఫైలు దొరకని వరుసలను పసుపు రంగులో చూపుతుంది. ఎప్పుడో తీసేసిన ప్రోగ్రాంల ఆనవాళ్లు సాధారణంగా అవే. వద్దనుకున్నదాన్ని వెంటనే డిలీట్ చేయకుండా ముందు టిక్ మాత్రం తీసి, రీస్టార్ట్ చేసి, అంతా సవ్యంగా ఉందనుకున్నాకే తొలగించండి.